కాశీకి తయారవుతున్న సైకిల్

బాపు పోయి రెండు నెలలైంది. అస్థికల్లో సగం కందకుర్తి దగ్గర గోదావరి సంగమంలో కలిపాం. మిగతా సగం కాశీకని రాగి చెంబులో పోసి, మూతికి ఎర్రగుడ్డ కట్టి, ఇంటి వెనక వేపకొమ్మకు వేలాడదీశాం. ఆ చెంబు ఇంట్లోకి తేకూడదు. గంగలో కలిపేదాకా నేల తాకకూడదు. పెద్దకొడుకుని కనుక అది నా చేతి మీదుగానే కదలాలి. దారిలో తప్పు జరిగితే జవాబు చెప్పుకోవలసిందీ నేనే.

నా తమ్ముడు మధుకర్ దాన్ని సైకిల్ మీద తీసుకుపోతానంటున్నాడు.

"బాపే చెప్పిండన్నా. రైల్ల వద్దు, సైకిల్ మీదనే తీస్కపో అన్నడు."

"ఎప్పుడన్నడు?"

"దవాఖానల. నువ్వు మందులకు పోయినవ్ సూడు, గప్పుడు."

విన్నవాళ్లు ఎవరూ లేరు. బాపు ముప్పై ఏళ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి సైకిల్ మీదే పోయివచ్చిన మాట నిజం. అయినా ఆఖరి కోరిక నాకు చెప్పకుండా వీడికెందుకు చెబుతాడు? వీడికి సన్నటి టైర్ల రేసు సైకిల్ ఒకటుంది. సెలవు దొరికితే పోచంపాడ్ దాకా తొక్కి, డ్యామ్ ముందు నిలబడి వీడియో తీసి ఫోన్లో పెడతాడు. కాశీ దాకా వెయ్యి కిలోమీటర్ల పైనే. ఆ వీడియోలు ఇంకెంతమంది చూస్తారో! నరసింహస్వామి ముందు దీపం పెడుతున్నా నాకు అదే ఆలోచన. బాపు పేరు చెప్పి వీడు తన సరదా తీర్చుకుంటున్నాడా?

వారం రోజులుగా ఆ సైకిల్‌ను పాత ఊళ్లో ఆత్మారాం షాపులో విప్పించి కట్టిస్తున్నాడు. వాడు లేని సమయం చూసి పోయాను.

"రేసు గుర్రానికి బస్తాలు కడ్తుండు మీ తమ్ముడు," అని నవ్వాడు ఆత్మారాం. "దీనికి క్యారియర్ బిగించనీకి బొక్కలే లెవ్వు. రబ్బరేసి పట్టీలతోటి బిగించిన. వెనక చక్రం మార్చిన, గిది స్పోకులు ఎక్కువున్నది. ఫ్రేముల పట్టినంత లావు టైర్లేసిన. బరువుతోటి గుట్టలెక్కాలె గద, వెనక చైను తిరిగే పండ్ల చక్రం గూడ పెద్దది పెట్టిన."

కిందికి వంగి తొక్కే హ్యాండిల్‌ పైకి లేపి ఉంది. దాని నడుమ ఒక ఇనుప కొక్కెం.

"గిదెందుకు? ఫోన్ తగిలిచ్చుకోనీకా?"

"నన్నడుగుతవేంది లింబాద్రన్నా? ఒక్క ఇంట్లనే ఉంటరు గద ఇద్దరు!"

ఆదివారం పొద్దున మధుకర్ క్యారియర్‌కు రెండు వైపులా సంచులు వేసుకుని బయల్దేరాడు. "బోధన్ దాక పోయొస్త. బరువుతోటి ఎట్ల నడుస్తదో సూడాలె," అన్నాడు. పది నిమిషాలాగి నేను స్కూటర్ తీశాను. తోడబుట్టినవాడి వెనక దొంగలా పోవడం ధర్మమేనా అని దారి పొడవునా అనుకుంటూనే పోయాను.

ఎడపల్లి దాటాక కనబడ్డాడు. వెనక టైరు పంచరైంది. రోడ్డుకు అటూ ఇటూ చెరుకే, చెట్టన్నది లేదు. దూరంగా ఆగి చూశాను. వాడు సంచులు దించాడు. సైకిల్‌ను తిరగేసే ముందు, కొక్కేనికి వేలాడుతున్నదాన్ని తీసి మెడలో వేసుకున్నాడు.

ఎర్రగుడ్డ కట్టిన చెంబు.

అడగకుండా, మంచిరోజు చూడకుండా, బాపును కొమ్మ మీంచి దించుకొచ్చాడా? ఇంటికి ఫోన్ చేశాను.

"సవితా, వేపచెట్టు కాడికి పో. బాపు ఉన్నడా సూడు."

"ఉండక యాడికి పోతడు?" అంది మా ఆవిడ. చెట్టు దాకా పోయి చూసి, "ఉన్నడు, గాలికి ఊగుతుండు. నువ్వేడున్నవ్?"

ఫోన్ పెట్టేసి మధుకర్ దగ్గరికి నడిచాను.

"ఏందన్నా, పోలీసోని లెక్క ఎంబడి వడ్డవ్?"

"మెడల ఏంది?"

"ఇసుక. మన చెంబంత బరువు. ఊరు దాటినంక సంచిలకెల్లి తీసి తగిలిచ్చిన." గుడ్డ విప్పి చూపించాడు.

"ఇసుకే గద. కింద పెట్టి పని జేస్కోరాదు?"

"ఈడ కింద పెట్టుడు అలవాటైతే ఆడ గూడ పెడ్తనన్నా."

వంగినప్పుడల్లా చెంబు ముందుకు ఊగుతోంది. ఒక మోచేత్తో దాన్ని ఆపుకుంటూ రెండో చేత్తో టైరు పీకుతున్నాడు. వాడి ఫోన్ సంచిలోనే ఉంది, వీడియో ఏదీ తీయడం లేదు. అయినా నా మనసు ఊరుకోలేదు.

"పండుకున్నప్పుడు ఏడ కడ్తవ్?"

"చెట్టుకు."

"కోతులు గుంజితే?"

వాడి చేయి ఆగింది. "గదే తెలుస్తలేదన్నా. వారం సంది గదే సోంచాయిస్తున్న."

నన్ను నమ్మించడమే వాడికి కావలసి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాడు. దవాఖానలో బాపు నిజంగా ఆ మాట అన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఇటియ్యి," అని చెంబు తీసుకుని నా మెడలో వేసుకున్నాను. వాడు రెండు చేతులతో ట్యూబు లాగాడు. కిలో ఇసుకే, కాసేపటికే తాడు మెడను కోసింది.

"గీ తాడు పనికిరాదురా. నాలుగు వేళ్ల వెడల్పు బట్ట గావాలె. మీ వదినను కుట్టుమంట."

వాడు తలెత్తాడు. "పంపుతవా అన్నా?"

"ఏకాదశి నాడు నీ చేతికిస్త. కోతుల సంగతి అప్పటిదాక ఇద్దరం ఆలోచిద్దం. ముందుగాల పంచరెయ్యి."