ఎల్బీనగర్ పోయే ఆటో

"ఎట్లాగూ రోజంత పోరగాండ్లతోనే ఆడుతవ్. గా ఆటేదో ఇంట్లనే ఆడరాదు?" అన్నాడు మా ఆయన మహిపాల్, నేను పొద్దున్నే దోసె తిప్పుతుంటే. వాళ్ల తమ్ముడు మధు భార్య జ్యోతికకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఉద్యోగం వచ్చింది. వాళ్లకు నాలుగేళ్ల కవలలు, ఇద్దరూ మగపిల్లలే. నేను బడిలో టీచర్ పని మానేసి వాళ్లను చూసుకోవాలని ఇంట్లో అందరూ కలిసి తేల్చేశారు. నన్నొక్కదాన్నే అడగలేదు. సాయంత్రం అందరూ మన్సూరాబాద్‌లోని మా ఇంటికి వస్తారట, నేను సరే అనడం వినడానికి.

పెళ్లయిన దగ్గర్నుంచీ చాలావాటికి సరే అన్నాను. అత్తమ్మ ఉపవాసాలకు, ఆడపడుచు కాన్పులకు, ఆదివారం వచ్చే చుట్టాలకు. కానీ బడి నాది. ఆ చిన్న ప్లేస్కూల్లో, జూన్‌లో, హెడ్ వేదవతి గారు నన్ను పిలిచి, "గీతా, అల్లరి మగపిల్లలందర్నీ నీ సెక్షన్లోనే వేశానమ్మా. ఇంకెవరూ పట్టలేకపోతున్నారు," అన్నారు. మొదటి వారం బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. శ్రీకర్ అనేవాడు కిటికీ ఊచలెక్కేవాడు, దిగి పక్కవాణ్ణి తోసేవాడు. కూర్చో, కూర్చో అని అరిచి అరిచి నా గొంతు పోయింది. ఒకరోజు ఇంటికొస్తూ షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాను. డ్రైవరు ఒక్క క్షణం కుదురుగా లేడు. సగం బయటికి వంగి "ఎల్బీనగర్, ఎల్బీనగర్" అని అరుస్తున్నాడు, అయినా ఎవరెక్కారో ఎవరు దిగారో చూసుకుంటున్నది అతనొక్కడే. మర్నాడు పాత చున్నీ ఒకటి బడికి పట్టుకెళ్లి, "ఎల్బీనగర్, ఎల్బీనగర్! ఎవరెక్కుతరు?" అని కేకేశాను.

చేతులు కడుక్కునే చోటు దిల్‌సుఖ్‌నగర్, అన్నం తినే గది ఎల్బీనగర్. అందరూ చున్నీ పట్టుకుని నడవాలి. అందరికన్నా కుదురులేనివాడే డ్రైవరు. వెనక ఎవరు పడ్డా ఆటో ఆగాలి, డ్రైవరే వెళ్లి లేపాలి. ఇప్పుడు శ్రీకర్ మాటిమాటికీ వెనక్కి తిరిగి, "అందరు ఎక్కిండ్రా?" అని అడుగుతాడు. తిన్నాక ఎవరి పళ్లెం వాళ్లే కడుగుతారు. మా అత్తమ్మ అండాలమ్మకు ఒక మాటుంది, "మొగపిల్లలు గంతే, మాట ఇనరు" అని. నా క్లాసులో వింటారు. ఈ చుట్టుపక్కల ఈ పని నాకన్నా బాగా చేసేవాళ్లు లేరు, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. కూర్చో అన్న మాట నా నోట వచ్చి నెలలైంది.

సాయంత్రం కవలలు వస్తూనే కర్టెన్ పట్టుకుని ఊగారు. రాడ్డు ఊడి కిందపడింది. అత్తమ్మ పరేషాన్ అయ్యింది, మధు ఫోన్లోకి తల దూర్చాడు, జ్యోతిక తప్పంతా తనదే అన్నట్టు నిలబడింది. నేను అలవాటు కొద్దీ భుజం మీది చున్నీ తీసి, "ఎల్బీనగర్! ఎవరెక్కుతరు?" అన్నాను. ఇద్దరూ పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారు. ఊడిన రాడ్డును కూడా ఇద్దరూ చెరో కొసా పట్టి మూలకు చేర్చారు.

"చూసినవా!" అన్నాడు మహిపాల్, గెలిచినట్టు. "నీకు గిదొక పనే గాదు."

"ఇంటి పిల్లలుండంగ బయటి పిల్లలెందుకు బిడ్డా," అంది అత్తమ్మ.

ఒళ్లు మండింది. పని బాగా వచ్చినందుకు అది పనే కాకుండా పోయింది.

"జ్యోతికా, నువ్వు కొలువుల చేరు," అన్నాను. "పిల్లలను సోమారం మా బడికి తోలు. నా క్లాసులనే ఉంటరు. నేనైతే బడి మాన."

జ్యోతిక ముఖం తేటపడింది. మహిపాల్ ముఖం మాత్రం ముడుచుకుంది. "ఇంట్ల మనిషివి నువ్వుండంగ బడేంది? గింత చిన్న పనికి?"

"చిన్న పనే గద," అని చున్నీ కొస అతని చేతిలో పెట్టాను. "పిల్లలూ, ఇయ్యాల డ్రైవర్ మీ పెద్దనాయిన."

వంటింట్లోకి వెళ్లలేదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని కాళ్లు చాపుకున్నాను. హాల్లో ఏదో పగిలింది. వెంటనే మహిపాల్ గొంతు.

"కూసోండ్రా! కూసోండ్రి అంటున్న గద! గీతా, జర ఇటు రా!"

"సోమారం తొమ్మిదింటికి, బడిల," అన్నాను, లేవకుండానే.