రీసెట్ కొడితే ఎక్కడికి పోతాం

బిందుశ్రీ నానిన బొరుగులను చేత్తో పిండి, గిన్నెలో వేస్తోంది. ఉగ్గానికి పోపు ఘుమఘుమలాడుతోంది. వెనక నుంచి మొగుడు మోహన్‌కృష్ణ గొంతు.

"కొట్రేశ్ ఫోన్ చేసినాడు. నువ్వు రాసిన పేజీలో ఏందో రెండు పేరాలు తీసెయ్యమంటే మొండికేసినావంట. తీసేయి బిందూ. వాడు నా చిన్ననాటి దోస్తు. రేపు ఎదురుపడితే ముఖం యాడ పెట్టుకోవల్ల నేను?"

"ముందు టిఫిన్ సంగతి చూడు," అంది అత్త రామసుబ్బమ్మ వసారాలోంచి. "ఆఫీసును ఆఫీసులోనే వదిలిపెట్టి రావల్ల. ఈడ కోడలివే."

తొమ్మిదేళ్లుగా ఇదే మాట. సాయంత్రం కూరెకుప్పలో బస్సు దిగి ఈ గడప దాటిందంటే, బ్యాగు భుజాన ఉండగానే బిందుశ్రీ చెయ్యి పాలగిన్నె మీదికి పోతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. అది తన స్వభావమే అనుకుంది ఇన్నాళ్లూ. ఆ పేజీ రాసేదాకా.

ఆమె పనిచేసేది సండూరు కొండల ఖనిజం లారీలను తూచే ఆఫీసులో. తూకాలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. దాన్నెలా వాడాలో ఆపరేటర్లకు అర్థమయ్యేలా పుస్తకం రాయడం ఆమె పని. ఆపరేటర్ తన సొంత పేరుతో ఉంటే తూకాలు ఎక్కించగలదు, అంతే. సూపర్‌వైజర్ రోల్‌లోకి, అంటే ఆ హోదాలోకి, మారితే చెరిపెయ్యనూ గలదు. పని కాగానే రీసెట్ కొట్టాలి. "రీసెట్ కొడితే మీ సొంత పేరుకు వచ్చేస్తారు" అని పాత పుస్తకంలో ఒక్క ముక్క ఉండేది. రాసింది సెక్షన్ ఇన్‌చార్జి కొట్రేశ్.

ఆ ముక్కే మహాదేవి కొంప ముంచింది. మోక ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఆపరేటర్ పిల్ల. పోయిన వారం బుద్ధిగా రీసెట్ కొట్టింది. ఇక తన చేతిలో చెరిపే అధికారం లేదన్న ధీమాతో, కొత్తగా నేర్చుకున్న చెరిపే ఆదేశం ఒకటి కొట్టి చూసింది. సొంత పేరుతో ఉంటే అది "కుదరదు" అని ఆగిపోవాలి. ఆగలేదు. ఒక రోజు తూకాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చారు గాని, మెమో మాత్రం మహాదేవికి వచ్చింది. ఈరోజు పదకొండు గంటలకు విచారణ. ఆ తర్వాత ఆమెకు ఉద్యోగం ఉండదని ఆఫీసంతా అనుకుంటోంది.

"నేను రీసెట్ కొట్టినానక్కా, దేవుని మీద ఒట్టు," అని నీళ్ల కుండ దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది. ఒట్టెందుకు? ఎవరు ఎప్పుడు ఏం కొట్టారో రాసిపెట్టే లాగ్ ఉంది. బిందుశ్రీ తీసి చూసింది. నిజమే, కొట్టింది. మరి సొంత పేరుకు ఎందుకు రాలేదు? రెండు రోజులు తవ్వితే తేలింది. రీసెట్ సొంత పేరుకే తెస్తుందన్న నమ్మకం లేదు. ఖాతాకు గుమ్మంలోనే, అంటే లాగిన్ అవగానే వచ్చేలా, ఒక రోల్ తగిలించి ఉంటే, తిప్పి తిప్పి దానికే తెచ్చి పడేస్తుంది. సొంత పేరే కావాలంటే "ఏ రోల్ వద్దు" అని చెప్పే ఆదేశం వేరే ఉంది. మహాదేవి ఖాతాకు సూపర్‌వైజర్ రోల్ తగిలించింది కొట్రేశే. తన పనులు ఆ పిల్ల చేత చేయించుకోవడానికి! ఆమెకొక మాటైనా చెప్పలేదు.

అదంతా ఆ పేజీలో విడమరిచి రాసింది బిందుశ్రీ. నిన్న కొట్రేశ్ అది చూసి నవ్వాడు. "సుమ్నే, ఊరికే ఎందుకమ్మా ఇంత పొడుగు? ఎవరు చదువుతారు? ఒక లైన్ చాలు. మీ ఆయనతో నేను మాట్లాడతాలే."

మీ ఆయనతోనంట! పేజీ రాసింది ఆయనా? రెండు రోజులు లాగ్ తవ్వింది ఆయనా? ఇప్పుడు మొగుడి నోట అదే మాట వినేసరికి ఒళ్లు మండిపోయింది. పొయ్యి ఆపి, ఉగ్గాని గిన్నె బల్ల మీద పెట్టి, "వడ్డించుకోండి" అని చెప్పులేసుకుంది.

విచారణలో పెద్దాఫీసరు ఉచ్చెంగెప్ప ముందు ఆ పేజీ పెట్టింది. ఒక్క పేరా కూడా తగ్గలేదు. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"ఎవరు రాసిందిది?"

"మా సెక్షన్‌దే సార్," అన్నాడు కొట్రేశ్.

"నేను రాసినాను సార్," అంది బిందుశ్రీ.

"మరి ఈ పాపకు ఆ రోల్ తగిలించిందెవరు?"

"పేరు, తేదీ, గంట అన్నీ లాగ్‌లో ఉండాయి. చదవమంటారా సార్?"

కొట్రేశ్ కిటికీ వైపు చూశాడు. ఆమె చదివింది. మధ్యాహ్నానికల్లా మహాదేవి మెమో వెనక్కి పోయి, కొత్తది కొట్రేశ్ బల్ల మీదికి వచ్చింది.

సాయంత్రం ఆరుకు ఇల్లు చేరేసరికి మోహన్‌కృష్ణ గుమ్మంలోనే ఉన్నాడు. "నా మాటకు ఇంత విలువా?" అన్నాడు. బిందుశ్రీ చెప్పులు విడిచింది. లోపల నుంచి అత్త ఎప్పటిలాగే, "వచ్చినావా? పాలు పొయ్యి మీద పెట్టు," అంది.

చెయ్యి దానంతటదే లేచింది. బిందుశ్రీ ఆ చేతిని చూసుకుంది, కిందికి దించింది. వసారాలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆఫీసులో ఎవరికి ఏది ఎవరు తగిలించినారో కంప్యూటర్ రాసిపెట్టుకుంటాదత్తా. ఈ ఇంట్లో వచ్చీ రాగానే పొయ్యిని నాకు తగిలించిందెవరో యాడా రాసి లేదు. తీసేసింది మాత్రం నేనే, ఈ పొద్దు, ఆరు గంటలకు. రాసిపెట్టుకోండి."