కషాయం డబ్బా

బాపు తువ్వాల కింద దాచుకొని తెచ్చిన డబ్బాను నా చేతిలో పెట్టి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎర్రగనే వచ్చింది. పట్టిన. ఇంకోపారి అడగకు బిడ్డా, నాతోటి గాదు."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబ్ కలెక్షన్ సెంటర్లో నేను టెక్నీషియన్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినదాన్ని నేనే మొదలు. బాపుకు మూత్రంలో అప్పుడప్పుడు రక్తం పడుతోంది. ఎల్బీనగర్ డాక్టరు మూత్రంలో రాలే కణాల పరీక్ష రాశాడు. రెండుసార్లు చేయిస్తే ఏమీ తేలలేదు. ఎర్రగా వచ్చిన రోజే పట్టి ఇవ్వండి, లోపల గడ్డ ఉంటే దొరకొచ్చు అన్నాడు. ఆ ఎరుపు కనిపించినప్పుడల్లా బాపు నాకు చెప్పకుండా నీళ్లు కొట్టి వచ్చేవాడు. కన్నకూతురి చేతికి అది ఎట్లా ఇవ్వాలని ఆయన బాధ.

"సిగ్గెందుకు బాపూ? రోజు పొద్దుందాక నేను చూసేటియి గవే డబ్బాలు," అని ఎన్నిసార్లు చెప్పానో. చివరికి ఈ ఆదివారం మధ్యాహ్నం తనంతట తనే తెచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం మా సెంటర్ ఉండదు. సోమవారం పొద్దుటి దాకా డబ్బా చల్లగా ఉండాలి. మే నెల ఎండకు మా గదిలో పెడితే కణాలు కుళ్లిపోతాయి. మా ఫ్రిజ్ చూస్తే మెకానిక్ దగ్గర ఉంది.

చంపాపేట్‌లో మేము కిరాయికి ఉంటున్న ఇంట్లో, పైన ఓనరు సీతామహాలక్ష్మి ఆంటీ ఉంటారు. భీమవరం వైపు వాళ్లు. స్నానం చేయనిదే వంటింట్లో అడుగు పెట్టరు. ఆవిడ ఫ్రిజ్‌లో పై అరలో దేవుడి పూలు, కింద పాలు, పెరుగు.

డబ్బా మీద పేరు, వయసు, పట్టిన సమయం రాయాలి. రాయని డబ్బాలను రోజూ కౌంటర్లో వెనక్కి ఇచ్చేసేది నేనే. పెన్ను తీశాను, మళ్లీ పెట్టేశాను. పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి మెట్లెక్కాను.

"ఏంటమ్మా విజయా అది?"

"బాపుకు కషాయం ఆంటీ. ఫ్రిజ్‌ల పెట్టాల్నట. రేపు పొద్దుగాల తీస్కపోత."

"దానికేం, పెట్టు. ఆ మజ్జిగ గిన్నె పక్కకి జరుపు. దేనికే కషాయం?"

"ఒంట్లె వేడికి. ఊర్లె ఎవరో ఇచ్చిన్రు."

తడుముకోకుండా చెప్పేశాను.

సాయంత్రం ఆవిడే పైనుంచి పిలిచారు. వంటింటి గట్టు మీద డబ్బా ఉంది. దాని మీద పేపరు లేదు. పక్కన గిన్నెలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి.

"చల్ల కషాయం తాగితే పెద్దాయనకి రొమ్ము పట్టేయదూ? వేడినీళ్లలో డబ్బా నిలబెట్టి వెచ్చచేశాను. మూత తియ్యలేదులే, గుణం పోతుందని. రంగు చూస్తే బాగా ఘాటైనదల్లే ఉంది. రేపటి దాకా ఎందుకు, ఇప్పుడే పట్టుకెళ్లి తాగించు."

డబ్బా ముట్టుకుంటే చురుక్కుమంది. ఇక అందులోని కణాలను ఏ డాక్టరు చూసినా తేలేదేమీ లేదు. తలూపి గుమ్మం దాకా వచ్చాను.

వెనక గిన్నెలో నీళ్లు పారబోసిన చప్పుడైంది. తిరిగి చూశాను. ఆవిడ ఆ గిన్నెనే కుళాయి కింద తొలిచి, పాల ప్యాకెట్ అంచు కత్తిరిస్తున్నారు.

"ఇవాళ మావారి పుట్టినరోజు. దేవుడికి పరమాన్నం పెడదామని. నీకూ పంపిస్తాలే."

మెట్లు దిగిపోతే ఎవరికీ తెలియదు. ఒక కాలు గడప దాటింది కూడా.

"ఆంటీ, గా గిన్నెల పాలు పొయ్యకుండ్రి."

"ఏం?"

"అది కషాయం కాదు."

కౌంటర్లో అందరి ముందూ గట్టిగా అనే 'యూరిన్' అన్న మాట, అక్కడ నోరు దాటి రాలేదు.

"మా బాపు ఒంటేలు. ల్యాబ్‌ల ఇచ్చేది."

ఆవిడ ప్యాకెట్‌ను సింకులో పెట్టారు. కొంగుతో చేతులు తుడుచుకోబోయి ఆగి, సబ్బుతో కడుక్కున్నారు. పట్టకారుతో గిన్నె పట్టుకెళ్లి బాల్కనీలో ఒక మూల పెట్టి వచ్చారు. అంతసేపూ నేను నేలవంకే చూస్తున్నాను.

"ఏమైంది ఆయనకి?"

చెప్పాను.

"నాతో నిజం చెబితే పెట్టనివ్వననుకున్నావా?"

ఆవిడ ఫ్రిజ్ తలుపు తెరిచి, డబ్బా పెట్టిన అర వంక చూశారు.

"పెట్టనిచ్చేదాన్ని కాదేమోలే. కానీ ఐసు ముక్కలన్నా ఇచ్చేదాన్ని కదే."

రోజూ థర్మోకోల్ పెట్టెలో ఐసు పరిచి ఊరందరి డబ్బాలూ సర్ది పంపేది నేను. మా బాపు డబ్బాకు మాత్రం ఆ సంగతే గుర్తు రాలేదు. దాన్ని ఎక్కడ దాచాలన్నదే చూశాను.

కింద బాపు గడప ముందు మంచం మీద కూర్చొని ఉన్నాడు.

"బాపూ, గది ఖరాబైంది. మళ్ల కావాలె."

"ఎట్లయింది?"

అంతా చెప్పాను. ఆయన తువ్వాలను మడతపెట్టాడు, విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"కషాయమన్నవా?"

"ఆఁ."

"సిగ్గెందుకని నువ్వే అంటివి గదనే."

ఇంతలో ఆంటీ ఒక హాట్‌ప్యాక్ నిండా ఐసు తెచ్చి, చివరి మెట్టు మీద పెట్టి, మా వైపు చూడకుండా పైకి వెళ్లిపోయారు.

బ్యాగులోంచి కొత్త డబ్బా తీశాను. దాని మీద పెద్ద అక్షరాలతో బాపు పేరు, వయసు రాశాను. సమయం దగ్గర ఖాళీ ఉంచి ఆయన ముందు పట్టుకున్నాను. బాపు తన పేరు చదువుకున్నాడు. చాలాసేపు చెయ్యి చాపలేదు. తర్వాత డబ్బా అందుకొని, తువ్వాలను మంచం మీదే వదిలి లేచాడు.

"మళ్ల ఎర్రగొచ్చేదాక ఎదురుచూడాలె గద," అన్నాడు. "చెంబెడు మంచినీళ్లియ్యి."

తల వంచుకొనే లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చాను.