రాగలను

సంచిలో మొదట రెండు చీరలు పెట్టాను, ఒకటి ఈరవ్వది, ఒకటి నాది. వాటి మీద రవికలు, రొట్టెల మూట, ఎల్లిపాయ కారం, తమలపాకుల డబ్బా. అన్నీ పెట్టి మూతి బిగించాక ఏదో మరిచానని మళ్లీ విప్పాను. మూడోసారి విప్పుతుంటే గడపలో కూర్చున్న ఈరవ్వ నవ్వింది.

“మనం వొయ్యేది మూడొద్దులకక్కా. నువ్వు సదురుడు జూస్తె కాశికి వొయ్యేటట్టే ఉన్నది.”

నేను నవ్వలేదు. నాలుగోసారి సర్దినప్పుడు నా చీర సంచిలో పెట్టలేదు. మడిచి దండెం మీద వేశాను. ఈరవ్వ చూసింది. 

ఇది బహుధాన్య సంవత్సరం మాట, ఇప్పటికి నాలుగేళ్లు. ఈరవ్వ నా చెల్లెలు. ఆమె భర్త జ్వరంతో పోయాడు. నా భర్త రాజయ్య కామారెడ్డిలో రైలెక్కి బొంబాయి మిల్లుకు పోయాడు, మళ్లీ కనబడలేదు. అప్పటినుంచి అక్కాచెల్లెళ్లం ఎల్లారెడ్డిలో ఒకే ఇంట్లో ఉన్నాం. మా ఇసుర్రాయి పెద్దది, ఒక్కరి చేతికి తిరగదు. ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పేవాళ్లం. పాట ఈరవ్వది. చరణం చివర ఆమె పిడి వదిలి, గుప్పెడు జొన్నలు తీసి రాయి కంట్లో పోసేది. ఆ పోసేంతసేపు పాట నాది. ఆమె విడిచిన చివరి మాటనే నేనందుకుని తిరిగి అనేదాన్ని. ఆమె చెయ్యి మళ్లీ పిడి మీదికి రాగానే పాట ఆమెకు వెళ్లిపోయేది.

పాటల గురించి నాకు పెద్దగా తెలియదు. విన్నది బాగుంటే బాగుందంటాను. కానీ ఒకటి తెలుసు. ఆ రోజుల్లో పాట కోసమే కూర్చున్నవాళ్లను నేను చూడలేదు. వినాలనుకున్న ఆడవాళ్లు చేటలో పప్పు తెచ్చుకునేవాళ్లు, రాళ్లు ఏరుతూ వినేవాళ్లు. నచ్చితే ఒక పదం వాళ్లూ కలిపేవాళ్లు. ఊరికే విని లేచిపోవడం అన్నది లింబాద్రి హోటల్‌లోనే మొదటిసారి చూశాను.

లింబాద్రి మా అన్న కొడుకు. కామారెడ్డి స్టేషను ఎదురుగా చాయ్ హోటల్ పెట్టి, అందులో కీ ఇచ్చి తిప్పే పాటల పెట్టె ఒకటి పెట్టాడు. మగవాళ్లు ముందర కూర్చుని చాయ్ చల్లారేదాకా వినేవాళ్లు. అదే ప్లేటు మళ్లీ వెయ్యమనేవాళ్లు. కామారెడ్డికి పోయినప్పుడల్లా నేను వెనక పొయ్యి దగ్గర పీట వేసుకుని వినేదాన్ని. పాడే మనిషి ఎక్కడుందో, తిన్నదో లేదో తెలియకుండా పాట వినడం మొదట్లో నాకు భయమనిపించింది. తరవాత అలవాటైంది. ఇంటికి వచ్చి పొయ్యి ఊదుతూ అవే పాటలు కూనిరాగం తీసేదాన్ని. ఈరవ్వ ఎగతాళి చేసేది.

నాకు చదువు వచ్చింది కూడా ఆ పాటల వల్లే. డేరా సినిమా దగ్గర అమ్మే పాటల పుస్తకాలు లింబాద్రి తెచ్చి ఇచ్చేవాడు. పాట నోటికి వచ్చు కాబట్టి, వేలు పెట్టి ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అచ్చు ముక్కను జత చేసుకుంటూ పోయాను. రెండేళ్లకు అక్షరాలు పట్టుబడ్డాయి. అవి చవక అచ్చు పుస్తకాలు. ఒకచోట సున్నా ఎగిరిపోయేది, ఒకచోట దీర్ఘం ఉండేది కాదు, ఒత్తులు మసిబారి ఉండేవి. పాట తెలుసు కాబట్టి లేనివి నేనే పెట్టుకుని చదివేదాన్ని. ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అని ఉండేది. ఆ రెండు మాటలూ నేను అందరికంటే ముందు నేర్చుకున్నవి.

ప్లేట్లు అమ్మే కంపెనీ మనిషి ఒకాయన లింబాద్రి దగ్గరికి వచ్చి, పల్లె ఆడవాళ్ల పాటలు కావాలన్నాడట. లింబాద్రి ఆయనను మా ఇంటికే తీసుకొచ్చాడు. ఆయన గోనెపట్టా మీద కూర్చుని, మేం రెండు శేర్లు విసిరేదాకా కదలకుండా విన్నాడు. సికింద్రాబాదులో మీ పాట ప్లేటు మీదికి పట్టుకుంటాం, రాయి మాత్రం వద్దు, ఇద్దరూ రావాలి అన్నాడు. ఇద్దరమూ సరే అన్నాం.

కానీ సంచి సర్దుతుంటే నాకు రైలు గుర్తొచ్చింది. రాజయ్య కిటికీలోంచి పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. బర్రెకు ఎవరు నీళ్లు పెడతారని అన్నాను, ఇల్లు విడిచిపెట్టి ఎట్లా పోతామని అన్నాను. పాట నీదే గదా, నేను వెనక అందుకునేదాన్నే గదా అని కూడా అన్నాను.

ఈరవ్వ నన్ను బతిమాలలేదు. కామారెడ్డిదాకా బస్సులో వెంట పోయాను. లింబాద్రి ఆమెను దిగబెట్టి మర్నాడు వచ్చేస్తానన్నాడు. రైలు కదిలే ముందు ఆమె కిందికి వంగి ఒక్క మాట చెప్పింది.

“రాయి ఒక్కదానివి తిప్పకు. భుజం వోతది. నేనొచ్చినంక తిప్పుదాం.”

మూడు రోజులు అయ్యాయి. పాడేవాళ్లు చాలామంది ఉన్నారు, వంతు రాలేదని లింబాద్రితో కబురు వచ్చింది. పది రోజులు అయ్యాయి. ఇంట్లో పిండి అయిపోయింది. అప్పుడే కొత్తగా పెట్టిన గిర్నికి జొన్నలు నెత్తిన పెట్టుకుని పోయాను. అక్కడ యంత్రం చప్పుడులో పక్క మనిషి మాటే వినబడదు. పిండి వేడిగా వచ్చింది. ఇంతసేపట్లో అయిపోయిందా అని సంతోషం వేసింది. ఆ సంతోషానికి ఇంటిదాకా భయపడుతూ వచ్చాను.

దీపావళి అయిన నాలుగో నాడు కార్డు వచ్చింది. ఎవరితోనో రాయించింది. చదివిపెట్టనా అని టపా మనిషి అడిగాడు. అక్కర్లేదు, నాకు వచ్చు అన్నాను. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. పొయ్యి ముందు కూర్చుని వేలు పెట్టి చదివాను.

“అక్కకు ఈరవ్వ నమస్కారములు. స్వస్థము లేదు. తాళలేను. నీవు వచ్చినచో రాగలను.”

ఆ నమస్కారములు ఒక్కటే నాకు సూటిగా అర్థమైంది. మిగతావి అలవాటు ప్రకారం పూర్తి చేసుకున్నాను. స్వ పక్కన ఒత్తు మసకగా ఉంది. అది స్వరము అనుకున్నాను, గొంతు పట్టిందన్నమాట. తాళం దగ్గర సున్నా పోయింది, రాగాల దగ్గర దీర్ఘం పోయింది. గొంతు పోయింది, రాయి లేక తాళం కుదరడం లేదు, నేను వస్తే రాగాలు కుదురుతాయి అంటోంది. పెద్ద పాటగత్తెలతో చేరి రాగం తాళం అంటోందే అని నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తు.

మిరియాలు, శొంఠి, తాటిబెల్లం గుడ్డలో ముడి వేసి, ఈరవ్వకు గొంతు పట్టిందట, ఇవి పంపించమని బస్సులో లింబాద్రికి పంపాను. అతను కంపెనీ మనిషి చేతికి ఇచ్చి పంపాడు. రాగాలకు నేను పోవాలంటే రైలెక్కాలి. రేపు, ఎల్లుండి అనుకున్నాను. రోజూ కార్డు తీసి చదివేదాన్ని. రోజూ అట్లాగే చదివేదాన్ని.

కార్తీక పున్నమి నాడు లింబాద్రి మా ఇంటికి వచ్చాడు. కార్డు చదివి వినిపించి నా చదువు చూపిద్దామని అతని ముందు పెట్టాను. నేను చదవడం మొదలుపెట్టకముందే అతను మౌనంగా చదువుకున్నాడు. మొహం మారింది.

“ఇదెప్పుడొచ్చింది అత్తా?”

“పదకొండొద్దులాయె.”

“గొంతు పట్టిందని ఎవరు చెప్పిన్రు నీకు?”

నేను వేలితో చూపించాను. అతను నా వేలు పక్కకు జరిపాడు.

“పెయ్యి మంచిగ లేదట. ఇంక తట్టుకోలేనన్నది. నువ్వొస్తె నీతోని ఇంటికొస్తనన్నది. రాగాలేడున్నయ్ అత్తా ఇండ్ల?”

మర్నాడు రైలెక్కాను. రాజయ్య పోయినప్పటినుంచి ఏ రైలుకైతే భయపడ్డానో అది మామూలు రైలే. జామపళ్లు అమ్ముతున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు. సికింద్రాబాదులో పాడేవాళ్లను ఉంచిన ఇల్లు ఒక సందులో ఉంది. ఈరవ్వలాగే పాడడానికి వచ్చిన మంగవ్వ తలుపు తీసి, నన్ను చూడగానే అక్కవా అని అడిగింది. అవునన్నాను. లోపలికి పోయి సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. సంచిలో మిరియాల ముడి ముడిగానే ఉంది.

మంగవ్వ చెప్పింది నిలబడే విన్నాను. జ్వరం దిగలేదని, దవాఖానకు తీసుకుపోయారని, నేను పోయేసరికి అంతా అయిపోయి మూడు రోజులైందని. జ్వరానికి ముందే ఒక పాట పట్టుకున్నారట. మధ్యలో ఆగకుండా పాడమని కంపెనీవాళ్లు చెప్పారట. ఈరవ్వ వినలేదట.

“అది మా అక్క జాగ అన్నది. ఎంత చెప్పినా ఆ జాగ మూయలె.”

మాఘమాసంలో ప్లేటు వచ్చింది. లింబాద్రి కబురు పెడితే పోయి పొయ్యి దగ్గర పీట వేసుకున్నాను. ముందర చాయ్ తాగేవాళ్లు నిండుగా ఉన్నారు. ఈరవ్వ గొంతు వచ్చింది. రాయి చప్పుడు లేకపోవడంతో ఒంటి మీద బట్ట లేనట్టుగా ఉంది ఆ గొంతు. చరణం అయింది. గుప్పెడు జొన్నలు పోసేంతసేపు ఏమీ లేదు, ముల్లు గీసుకునే చప్పుడు ఒక్కటే.

“లింబాద్రీ, ప్లేటు ఆగింది. ముల్లు జూడు,” అన్నాడొకడు.

ఇంకొకడు కీ అయిపోయిందన్నాడు. అంతలో ఆమె మళ్లీ ఎత్తుకుంది. రెండో చరణం చివర మళ్లీ అదే జాగా వచ్చింది, ముందర కూర్చున్నవాళ్ల నుంచి మళ్లీ అదే మాట వచ్చింది.

“ఆగలేదే. అది మా అత్త పాడే జాగ,” అన్నాడు లింబాద్రి.

పొయ్యి దగ్గర నేను నోరు తెరిచాను. చివరి మాట నాలుక మీదే ఉంది. అది బయటికి రాకముందే ఈరవ్వ మూడో చరణంలోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు లింబాద్రి హోటల్‌లో రేడియో ఉంది. జనం యుద్ధం కబుర్లకే వస్తారు, మధ్యలో పాట వస్తే మాట్లాడుకుంటారు. యుద్ధం వచ్చాక పెట్టెకు ముళ్లు దొరకడం లేదు. అరిగిన ముల్లుతో వేస్తే ప్లేటు గీరుకుపోతుందని నేనే ఈరవ్వ ప్లేటు వెయ్యనివ్వను. వెయ్యకపోతే అడుగున పడి పగిలిందేమోనని పోయినప్పుడల్లా ప్లేట్లు దాచిన పెట్టె తెరిపించి చూస్తాను. గిర్ని దగ్గర ఆడపిల్లలు సినిమా పాటలు పాడతారు. మంచి పాటలే, నాకూ వచ్చు. వాటిలో ఆగే జాగా ఉండదు.

ఇసుర్రాయి మూలన ఉంది. ఒక్కదాన్నే తిప్పలేదు.

ఈరవ్వ తిరిగి రాలేదు. బహుధాన్య సంవత్సరం, కార్తీక శుద్ధ త్రయోదశి నాడు సికింద్రాబాదులో పోయింది.