గుడ్లచుక్క

ఆ తెల్లవారుజామున ఆకాశం తోమి బోర్లించిన కంచంలా ఉంది. ఉత్తరాన మాత్రం, ఎక్కడో దూరంగా, చప్పుడు లేని మెరుపు ఒకటి వెలిగి ఆరుతోంది.

నర్సయ్య దాన్ని చూడలేదు. శామీర్‌పేట చెరువు ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని తెప్పకు తాడు బిగిస్తూ దక్షిణం వైపే చూస్తున్నాడు. తెప్ప అంటే నాలుగు థర్మాకోల్ దిమ్మెలు, వాటికి చుట్టిన యూరియా సంచులు. నీళ్లలో నానీ నానీ అతని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి. ఎండలో ఆరినా ఆ ముడతలు విప్పుకోవు.

అవతలి ఒడ్డున ఇళ్ల ప్లాట్ల వెంచర్ వచ్చిన దగ్గర్నుంచి రాత్రంతా దీపాలు. ఆ వెలుగుకు గుడ్లచుక్క కనిపించడం మానేసింది. అది మిగతా చుక్కల్లా సూదిగా మెరవదు. చేప కడుపులోని గుడ్ల ముద్దలా మసకగా, ఉబ్బుగా ఉంటుంది. ఈ కాలంలో అది కనిపించిన నాడే వల ముట్టాలని తండ్రి నేర్పాడు. అంత మసక చుక్క కంటికి ఆనిందంటే గాలి శుభ్రంగా ఉన్నట్టు, గాలివాన రానట్టు. డిగ్రీ చదివే కూతురు శైలజ ఒకరోజు ఫోన్‌లో దాని బొమ్మ చూపించి, అది ఒక్క చుక్క కాదని, లక్షల నక్షత్రాలు బంతిలా ఒక్కచోట గుమిగూడాయని చెప్పింది.

"గన్ని ఒక్కతాన ఇరుక్కుంటే ఊపిరెట్లాడుతది బిడ్డా?" అన్నాడు. ఆ పిల్ల నవ్వింది.

ఇవాళ అవతలి ఒడ్డు మొత్తం చీకటి. దాని పైన, కాస్త పడమటికి వాలి, గుడ్లచుక్క.

కరెంటు పోయిందనుకున్నాడు. కొడుకు మల్లేష్ ఆ వెంచర్‌లోనే రాత్రి కాపలా. నిన్న డ్యూటీకి పోతూ, పొద్దుగాల జర పైకి చూడు నాయినా అని నవ్వుకుంటూ వెళ్లిన సంగతి అతనికి గుర్తు రాలేదు.

భార్య సాలమ్మ చాయ్ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

"ఉత్తరం దిక్కు మెరుస్తాంది. ఇయ్యాల వద్దయ్యా."

"అగో, చుక్క కనవడ్డది. ఇగ గాలెక్కడిది?"

"నీకు నాకన్న ఆ చుక్కనే ఎక్కువ."

"నువ్వు రోజూ కనవడ్తవు. అది ఎన్నేండ్లకు కనవడ్డదో సూడు."

ఆమె నవ్వలేదు. నిన్నటి చేపల్లో గుడ్లు వేయించి అతని కోసం తీసిపెట్టానని, తిని పొమ్మని అంది. వచ్చి తింటానన్నాడు.

చెరువు నడుమ వల సగం లాగేసరికి వీపుకు చల్లగా తగిలింది. తలెత్తాడు. గుడ్లచుక్క ఉన్నచోటే ఉంది. వెనక సగం ఆకాశం లేదు.

తెప్ప గిర్రున తిరిగింది. కాసేపటికి చుక్క కూడా పోయింది. అప్పుడతని కళ్లు అలవాటుగా వెంచర్ దీపాలను వెతికాయి. తిట్టుకుంటూనే ఇన్నేళ్లూ వాటిని వీపుకు పెట్టుకుని ఇంటి వైపు తెడ్డు వేశాడు. ఇప్పుడు ఏ దిక్కు తిరిగినా ఒకటే నలుపు.

ఒడ్డున సాలమ్మ సెల్ లైట్ పైకెత్తి పట్టుకుంది. వాన దాన్ని మింగేసింది. అవతల దీపాలన్నీ ఒక్కసారి భగ్గున వెలిగి, ఆ గాలివానకు వెంటనే ఆరిపోయాయి. ఆ తర్వాత ఒక కేక వినిపించింది. ఎటు నుంచో ఆమెకు తెలియలేదు.

పొద్దెక్కాక లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చిన వలవాళ్లు తుమ్మచెట్ల దగ్గర నీళ్లలోంచి అతన్ని తీశారు. వల ఒక కాలికి చుట్టుకుని ఉంది. సాయంత్రానికి అంతా అయిపోయింది.

ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కింటివాళ్లు అన్నం, పప్పు తెచ్చిపెట్టి వెళ్లారు. ముగ్గురూ కూర్చున్నారు. సాలమ్మ కొడుకు కంచంలో అన్నం పెడుతూ అడిగింది.

"కరెంటు ఎప్పుడు పోయిందిరా?"

మల్లేష్ కంచం దగ్గరకు లాక్కున్నాడు.

"ముందుగాల పోలేదమ్మా. నేనే బంద్ చేసిన."

శైలజ తలెత్తి అన్నను చూసింది. సాలమ్మ చేతిలో గరిటె ఆగింది. తర్వాత పప్పు కూడా వేసింది. వాడు ముద్ద కలిపాడు. ముగ్గురూ తిన్నారు.

గోడ గూట్లో, మూత పెట్టిన చిన్న గిన్నెలో, గింజకు గింజ అంటుకుని, గుడ్ల ముద్ద అలాగే ఉంది.