తండ్రి నేర్పిన వాంగ్మూలం

చెప్పులరిగేలా కోర్టుల చుట్టూ తిరిగినవాడు కాబట్టి చట్టమంతా తన జేబులోనే ఉందని గోపాలకృష్ణయ్య నమ్మకం. అందుకే గట్టు తగాదాలో పెద్దకొడుకు నవీన్ పక్కచేను ఆసామిని వేటకొడవలితో నరికి చంపినా ఆయన కంగారు పడలేదు. పదిహేడేళ్ల చిన్నకొడుకు హర్షను గొడ్లచావిట్లోకి పిలిచాడు.

“నీకింకా పద్దెనిమిది నిండలా. నువ్వే నరికానని చెప్పు. మూడేళ్లు పిల్లల హోములో పెట్టి వదిలేస్తారు. మీ అన్నకైతే జన్మంతా జైలే. వాడికి పసిబిడ్డ ఉందిరా.”

“నేనసలు చేలో లేను గదా నాన్నా?”

“అందుకే నేర్పుతుండా. తడబడమాక. ఒకళ్లు చెప్పమన్నట్టు ఉండగూడదు.”

తల్లి గురవమ్మ అడ్డం రాబోతే కసిరి లోపలికి పంపాడు. తెలివంతా ఆయనకే ఉంది మరి! పోలీసులొచ్చేలోపు కుర్రాడు ఎక్కంలా బట్టీ పట్టేశాడు.

గుంటూరులో బాలల న్యాయ బోర్డు దగ్గర మానసిక వైద్యురాలు మెల్లగానే అడిగింది.

“నరికితే ఏమవుతుందో అప్పుడు నీకు తెలుసా బాబూ?”

“తెలుసండీ. చస్తాడు. చావాలనే మెడ మీద ఏశా.”

“ఎవరైనా చెయ్యమన్నారా?”

“లేదండీ. నేనే అనుకుని చేశా.”

తలుపు వారగా నిలబడి విన్న తండ్రి మురిసిపోయాడు. ఒక్క మాట పొల్లు పోలేదు.

కానీ ఆయన జేబులోని చట్టం పాతది. పదహారు దాటినవాడు హత్య చేస్తే, తెలిసి చేసేంత బుద్ధి వాడికుందా అని ఇప్పుడు చూస్తారు. ఉందని తేలితే పెద్దవాళ్లలాగే విచారణకు పంపవచ్చు. ఆ బుద్ధి ఉందని హర్ష తన నోటితోనే రుజువు చేసుకున్నాడు. పాపం, ఆ ముక్కలన్నీ నాన్నవని బోర్డుకేం తెలుసు?

బోర్డు వాణ్ని కోర్టుకు పంపింది. అక్కడ విచారణ ముగిసింది. జీవిత ఖైదు అన్నాడు జడ్జి.

హర్ష తండ్రి వైపు తిరిగాడు. “ఎక్కడ తప్పు చెప్పా నాన్నా?”

గోపాలకృష్ణయ్య గుండె పగిలింది. “అయ్యా! వీడు కాదయ్యా! వీడసలు ఆడ లేడు!” అని అరిచాడు.

జడ్జి కళ్లజోడు తీశాడు. “మరి ఎవరు?”

గుమ్మం బయట నవీన్ బిడ్డను చంకనేసుకుని నిలబడ్డాడు. అరుపు వినగానే వాడి ముఖం పాలిపోయింది.

“చెప్పయ్యా! ఇప్పుడన్నా చెప్పు!” గురవమ్మ మొగుడి చొక్కా పట్టుకుని కుదిపింది.

గోపాలకృష్ణయ్య గుమ్మం వైపు చూశాడు, బోను వైపు చూశాడు. చేతులు జోడించాడు.

“తెలవదయ్యా. కన్నతండ్రిని గదా, ఏదో అనేశా.”

పోలీసు హర్ష భుజం మీద చెయ్యేశాడు. కుర్రాడు వెంట నడిచాడు. ఈసారి తండ్రి వైపు చూడలేదు.