మాట్లాడకూడని మూడు గంటలు

అడవిలోకి మెరిసే రంగులు వేసుకుని రాకూడదట. ఎరుపు, పసుపు, తెలుపు పనికిరావు. మట్టిరంగో ఆకురంగో అయి ఉండాలి. అందుకని ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంటిల్లిపాది బట్టలూ మంచం మీద కుమ్మరించి రంగులు ఏరుతోంది. మొగుడివన్నీ తెల్లచొక్కాలు. కొడుకువన్నీ కళ్లు జిగేల్మనే బనియన్లు. కూతురికి గులాబీ తప్ప లోకంలో ఇంకో రంగుందనే తెలియదు. గంటసేపు వెతికితే ముగ్గురికీ కలిపి నాలుగు జతలు తేలాయి. తన బీరువా మాత్రం వెతకాల్సిన పనే పడలేదు. పదేళ్లుగా ఆమె కొనుక్కున్నవన్నీ మరక కనబడని రంగులే.

"ఇదిగో, కెమెరా చార్జింగ్ పెట్టావా?" హాల్లోంచి కేకేశాడు మొగుడు. ప్రయాణం ఇంకా పదిహేను రోజులుంది.

ఈ సఫారీ ఆలోచన ఆమెదే. మూడు నెలలుగా బస వెతికిందీ, రైళ్లు చూసిందీ, అటవీ శాఖ వాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేసిందీ ఆమే. "సఫారీ ప్లాన్ చేశానోయ్" అని స్నేహితులకు చెప్పుకుంది మాత్రం ఆయన. వాళ్లెవరైనా వివరం అడిగితే, "ఇదిగో, ఎన్నింటికిట?" అని వంటింటి వైపు తల తిప్పేవాడు. ఇదిగో అంటే ఆమె. ఆమె అసలు పేరు మెడలో వేలాడే ఆసుపత్రి కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ కంటి ఆసుపత్రిలో ఆమెది అపాయింట్‌మెంట్ల కిటికీ. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అద్దం వెనక కూర్చుని జనానికి తేదీలిస్తుంది. ఇంకా ఎంతసేపమ్మా, నన్నెప్పుడు పిలుస్తారు, నా చీటీ ఎక్కడ పెట్టారు. నవ్వుతూ చెబితే నీ సొమ్మేం పోయింది అని పెద్ద డాక్టరు వారానికోసారి హితబోధ. ఇంటికొచ్చి చెప్పులు విడిచేలోపు రెండో డ్యూటీ మొదలు. తువ్వాలేది, నా సాక్సేవీ, రిమోటెక్కడ, అమ్మాయ్ నా కళ్లజోడు చూశావా? కళ్లజోడు అత్తగారి నెత్తిమీదే ఉంటుంది. అది చెప్పడానికి కూడా ఆమే వంటింట్లోంచి రావాలి.

నిజానికి జంతువులంటే ఆమెకు పెద్ద మోజేమీ లేదు. ఎవరికీ చెప్పని సంగతి వేరే ఉంది. అటవీ శాఖ వాళ్ల నియమాలు చదువుతుంటే ఒకచోట ఆమె చూపు అతుక్కుపోయింది. 'బండి కదిలినది మొదలు తిరిగి గేటు చేరువరకు, మూడు గంటలపాటు, ఎవరును మాట్లాడరాదు. ఫోన్లు గేటు వద్ద అప్పగించవలెను.' మళ్లీ చదివింది. మూడు గంటలు! ఏదీ ఎక్కడుందని ఒక్కరూ అడగరు. అడగబోతే గైడే నోరు మూయిస్తాడు. ఏనుగు కనబడితే మంచిదే, కనబడకపోతే దాని ఖర్మ. ఆ మూడు గంటల కోసమే ఆమె మూడు నెలలు గొడ్డుచాకిరీ చేసింది.

అనుకున్నదేమిటంటే అత్తగారు ఆ నాలుగు రోజులూ కూతురింట్లో ఉంటుంది, వీళ్లు నలుగురూ వెళ్తారు. పోయిన వారం ఆయన చెల్లెలితో ఫోన్లో కబుర్లాడుతూ, "మీరూ వచ్చేయండర్రా, సరదాగా ఉంటుంది" అనేశాడు. అనడానికేం, నాలుకకు నరం లేదు. చెల్లెలు, ఆమె మొగుడు, వాళ్ల పాప తయారయ్యారు. కూతురింటికి తాళం పడితే అత్తగారెక్కడుంటుంది? ఆవిడా బయలుదేరింది. మోకాళ్ల నొప్పులతో సఫారీ జీపెక్కడం ఆవిడ వల్ల కాదు. ఆ జీపులో పట్టేది ఆరుగురు.

ఆ ఫోన్ మర్నాడే అందరూ ఈ ఇంట్లోనే భోజనాలకు కూర్చున్నారు. ఆమె వడ్డిస్తోంది. ఆయన వేళ్లు మడిచాడు.

"నేను, పిల్లలిద్దరు, చెల్లి, బావ, పాప. ఆరుకి ఆరు! చూశావా, ఎంత చక్కగా సరిపోయిందో. నువ్వెలాగూ అమ్మ దగ్గరుంటావు కదా."

"ఇంకో బండి చూడొచ్చేమో," అంది ఆమె.

"ఒక్క మనిషి కోసం ఇంకో బండా? బల్లిని చూస్తే బెదిరిపోయేదానివి, నీకేనుగులెందుకు?"

"అంతదూరం వచ్చి గదిలో కూర్చోవడం నావల్ల కాదు వదినా," అంది ఆడపడుచు, ఎవరూ అడక్కుండానే. "నీకైతే అలవాటే."

"చెల్లెమ్మా, ఏనుగులు కచ్చితంగా కనబడతాయని రాసిస్తారేమో కనుక్కో," అన్నాడు ఆడపడుచు మొగుడు, కంచంలోంచి తలెత్తకుండా.

అత్తగారు ఆప్యాయంగా ఆమె చెయ్యి నిమిరింది. "అమ్మాయి పక్కనుంటే నాకు కొండంత అండ. కన్నకూతురి కన్నా ఎక్కువ." కన్నకూతురు పక్కనే కూర్చుని రెండోసారి వడ్డించుకుంటోంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. తిడితే తిరిగి ఒక మాటైనా అనొచ్చు, ఇలా నెత్తిన పెట్టుకుంటే ఏం చేస్తాం? ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని ఆ ఇంట్లో ఆనవాయితీ.

బుకింగ్ సోమవారం ఉదయం పదింటికి తెరుస్తారు, పావుగంటలో అయిపోతుంది. ఒక ఫోన్ నంబరు మీద రోజుకు ఒక్క బుకింగే. ఆయనకు మీటింగట, కనక ఆ పనీ ఆమెదే. "పేర్లు తప్పులు కొట్టకు, జాగ్రత్త" అని మెట్లు దిగుతూ హెచ్చరించి మరీ వెళ్లాడు.

పదికి ఐదు నిమిషాలుండగా, కిటికీ ముందున్న వరసతో, "కాసేపు కూర్చోండి, పిలుస్తాను" అంది. పన్నెండేళ్ల ఉద్యోగంలో తన సొంత పని కోసం ఆ మాట అనడం అదే మొదలు. పేజీ తెరుచుకుంది. జీపు, ఆరుగురు. దాని కింద, విడిగా వచ్చేవారికి వ్యానులో ఒక్కో సీటు. ఆమె జీపు నొక్కి మొగుడి పేరు, కొడుకు పేరు, కూతురి పేరు కొట్టింది. ఆడపడుచు పేరు సగం కొట్టేసరికి వేలు ఆగింది. నీకైతే అలవాటే. వారం క్రితం మింగేసిన కోపం అప్పుడు బయటికొచ్చింది. అన్నీ చెరిపేసింది. వెనక్కి వెళ్లి వ్యాను నొక్కింది. అదే తేదీ, అదే ఉదయం పూట. ఎంతమంది అంటే ఒకరు అంది. తన పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా కొట్టింది.

నాలుగు నిమిషాలకు ఫోన్ మోగింది.

"ఆరూ దొరికాయా?"

"ఒకటి దొరికింది."

"ఒకటేంటి? ఎవరికి?"

"నాకండీ. వ్యానులో, మీరు వెళ్దామనుకున్న పూటకే. ఇవాళ నా నంబరు మీద ఇంకోటి చేయనివ్వరు. జీపులింకా ఉన్నాయి, మీ ఫోన్లోంచి చేసుకోండి."

"మతి గానీ పోయిందా? నేను మీటింగ్‌లో ఉన్నాను!"

"నేనూ డ్యూటీలోనే ఉన్నాను."

అవతల ఆయన గొంతు తగ్గింది. నిజంగానే పాలుపోని మనిషిలా అడిగాడు. "మరి నువ్వూ వెళ్లిపోతే, అమ్మ దగ్గర ఎవరుంటారే?"

వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న అది.

"ఆవిడకు కొడుకున్నాడు, కూతురుంది," అందామె. "మీరిద్దరూ మాట్లాడుకోండి."